ఆన్‌లైన్ వేలంలో గరిష్ఠ బిడ్ ముందే పెట్టెయ్యాలా, చివరి సెకన్లలో పాడాలా?

పాతరాగి (ప్రశ్న)

నమస్కారమండీ. నాణేలు, స్టాంపులు, గ్రామఫోన్ రికార్డుల లాంటివి ఆన్‌లైన్ వేలంలో కొనేటప్పుడు పాట ఎప్పుడు, ఎంతకు పెట్టాలన్నది స్పష్టంగా తేల్చుకుందామని అడుగుతున్నాను. మనసులో ఉన్న గరిష్ఠ మొత్తం మొదటిరోజే పెట్టేసి మరిచిపొమ్మని కొందరంటారు. ఆఖరి పది సెకన్ల దాకా చెయ్యి కదపొద్దని ఇంకొందరంటారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి సేకరిస్తున్నవాళ్ళే, ఇద్దరి మాటలూ ఒకదానికొకటి పొసగవు.

సందేహాలు ఇవీ. ఈబేలో గరిష్ఠ బిడ్ పెడితే సైటు దాన్ని నిజంగా దాచి ఉంచుతుందా, ఏదో ఒక దారిలో బయటపడుతుందా? ఆఖర్లో ఎవరైనా పాడితే గడువు దానంతటదే పెరిగే సైట్లలో ఏం చెయ్యాలి? కొన్నవాళ్ళ మీద వేలం సంస్థలు అదనంగా వేసే రుసుము (బయ్యర్స్ ప్రీమియం), పన్ను, రవాణా అన్నీ కలిస్తే పాడిన ధర మీద మూడో వంతుకు పైగా పడుతుంది; దీన్ని వెనక్కి లెక్క కట్టడం ఎలా? అమ్మేవాళ్ళ మనుషులే దొంగ పాటలు పాడి ధర పెంచుతుంటే ఎలా పసిగట్టాలి?

అదృష్టం ఉండాలి లాంటి మాటలు కాకుండా, అంకెలతో చెబితే మేలు.

ముద్రాక్షరం

పాతరాగి గారూ, ఆ వేలం ఎలా ముగుస్తుందో ముందు చూడండి. గడియారం సున్నాకి రాగానే ఆగిపోయేది ఒక రకం. పాట పడే కొద్దీ గడువు సాగేది రెండో రకం. మీరు విన్న రెండు సలహాలూ చెరో రకానికి పనికొచ్చేవి, అందుకే పొసగలేదు.

మొదటి రకానికి ఈబే నమూనా. మీరు పెట్టిన గరిష్ఠ బిడ్‌ని సైటు ఒకేసారి బయటపెట్టదు. మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుకుంటూ పోతుంది. చివరికి మీరు కట్టేది రెండో అత్యధిక పాటకు ఒక మెట్టు పైన. ఆ మెట్టు ధరను బట్టి మారుతుంది. ఈబే డాట్ కామ్‌లో 5 నుంచి 24.99 డాలర్ల మధ్య అర డాలరు, 25 నుంచి 99.99 దాకా 1 డాలరు, 100 నుంచి 249.99 దాకా 2.50, 250 నుంచి 499.99 దాకా 5, 500 నుంచి 999.99 దాకా 10 డాలర్లు, ఆపైన 2499.99 దాకా 25. ఈ పట్టిక కంఠస్థం అయితే గుండ్రంగా లేని అంకెలు ఎందుకు పెడతారో అర్థమవుతుంది.

ఉదాహరణకి ముందున్న మనిషి గరిష్ఠం సరిగ్గా 100 అనుకోండి. రెండో బిడ్ 61 కాబట్టి తెర మీద 62 కనబడుతోంది. మీరు 101.37 పెట్టారు. రెండో పాట 100, దాని మీద మెట్టు 2.50 కలిపితే 102.50 కావాలి. కానీ మీ గరిష్ఠం అంతకు చేరదు, అందుకని మీరు 101.37కే గెలుస్తారు. పూర్తి మెట్టు దాటకపోయినా గెలుపే. చాలామంది గుండ్రటి అంకె దగ్గర ఆగుతారు కాబట్టి 100 బదులు 101.37, 250 బదులు 253.60 పెట్టడంలో అర్థముంది. ఒక షరతు మాత్రం గుర్తుంచుకోండి: తెర మీద అప్పటికే 100 కనబడుతుంటే 102.50కి తక్కువైన బిడ్‌ని సైటు అసలు తీసుకోదు. ఇద్దరూ ఒకే మొత్తం పెడితే ముందు పెట్టినవాళ్ళదే.

ఈ రెండో ధర పద్ధతి కంప్యూటర్లు రాక ముందునుంచీ ఉంది. స్టాంపుల వ్యాపారులు 1893లోనే ఉత్తరాల మీద పాటలు తీసుకుని, గెలిచినవాళ్ళ దగ్గర రెండో పాటకు తగ్గ ధర తీసుకున్న దాఖలాలున్నాయి. 1961లో విలియం విక్రీ దాని తర్కాన్ని పద్ధతిగా రాశారు. 1996లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ తర్కం ప్రకారం, కట్టేది ఎదుటివాళ్ళ పాటను బట్టి ఉంటుంది కనక మీకు ఆ వస్తువు ఎంత విలువో అంతా పెట్టెయ్యడమే సరైన ఎత్తు. తక్కువ పెడితే ధర తగ్గదు, గెలిచే అవకాశమే తగ్గుతుంది.

అలాగైతే మొదటిరోజే పెట్టెయ్యొచ్చు కదా అంటారు. ఎదుటివాళ్ళు కూడా అలాగే చేస్తే ఫరవాలేదు. చెయ్యరు. మీ బిడ్ కింద పడ్డారని సందేశం రాగానే ఐదు డాలర్లు, ఇంకో ఐదు డాలర్లు అంటూ పెంచుకుంటూ పోయేవాళ్ళు ప్రతి వేలంలోనూ ఉంటారు. మీరు ఆరు రోజులు ముందు పెడితే ఆలోచించుకోవడానికి, పంతం పట్టడానికి వాళ్ళకి ఆరు రోజులు దొరుకుతాయి. ఆరు సెకన్లు మిగిలుండగా పెడితే వాళ్ళు అప్పటికి పెట్టినదానికే మీరు పోటీ. ఇంకొకటి, ఇది సేకరణలో మరీ ముఖ్యం: మీకు వస్తువు గురించి బాగా తెలుసని మీ పాటే చాటుతుంది. వివరణలో లేని అరుదైన రకాన్ని మీరు ఫోటోలో గుర్తుపట్టి ఉండొచ్చు. ముందే పాడితే ఆ గుట్టు విప్పినట్టే.

ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని మీదే. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. ఆఖర్లో పాట పడితే, వరసగా పది నిమిషాలు ఎవరూ పాడనంత వరకూ అక్కడ గడువు సాగేది. ఈబేలో గట్టి గడువు. ఆఖరి నిమిషం పాటలు ఈబేలో చాలా ఎక్కువ, అమెజాన్‌లో చాలా తక్కువ. ఈబేలో కూడా కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల్లో ఎక్కువ, ఎందుకంటే అక్కడే నిపుణుల పాటకు సమాచార విలువ ఉంది.

ఇక చేసే పద్ధతి. అరగంట ముందు సైటులోకి మళ్ళీ లాగిన్ అవ్వండి. ఆఖరి క్షణంలో పాస్‌వర్డ్ అడిగితే అంతే సంగతులు. రెండు ట్యాబులు తెరవండి. ఒకదాంట్లో ధర, సమయం చూస్తూ రిఫ్రెష్ చేసుకోండి. రెండోదాంట్లో ఒక నిమిషం ముందే గరిష్ఠ మొత్తం కొట్టి ధ్రువీకరణ పేజీ దాకా వచ్చి ఆగండి. 6 నుంచి 8 సెకన్లు మిగిలినప్పుడు ధ్రువీకరణ నొక్కండి. రెండు మూడు సెకన్ల దాకా ఆగడం వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. తెర మీది గడియారం సర్వర్ కంటే వెనకబడి ఉండొచ్చు, నెట్ ఒక్క క్షణం నత్తనడక నడిచినా చాలు. ఫోన్ యాప్‌లో అయితే 12 సెకన్లు ఉంచుకోండి.

అక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. 150 అనుకున్నవాళ్ళు ముందు 120 వేసి చూద్దాం, అవసరమైతే మళ్ళీ నొక్కుదాం అనుకుంటారు. ఎనిమిది సెకన్లలో రెండోసారి నొక్కే వ్యవధి ఉండదు. పెట్టేది పూర్తి గరిష్ఠమే కావాలి.

నీలిబిళ్ళ

ముద్రాక్షరం గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే ఒక మినహాయింపు. ఆఖరి సెకన్ల దాకా అసలు ముట్టుకోకుండా ఉంటే నష్టం వచ్చే సందర్భాలున్నాయి.

వేలంతో పాటు వెంటనే కొనే ధర కూడా పెట్టిన వస్తువులు చూసే ఉంటారు. చాలా విభాగాల్లో మొదటి బిడ్ పడగానే ఆ బటన్ మాయమవుతుంది (రిజర్వ్ ధర, అంటే అంతకు తక్కువైతే అమ్మనని విక్రేత పెట్టుకున్న ధర ఉంటే, అది చేరేదాకా ఉంటుంది). వెంటనే కొనే ధర మీ లెక్కకి దగ్గరగా ఉంటే కొనెయ్యండి. దానికంటే బాగా కిందికి పోతుందనిపిస్తే, ప్రారంభ ధరకి ఒక చిన్న బిడ్ వేసి ఆ బటన్ తీసేయించండి. మీ ఆసక్తి బయటపడుతుంది, నిజమే, కానీ ప్రారంభ ధర బిడ్‌ని చూసి ఎవరూ పెద్దగా ఊహించుకోరు. పైగా బిడ్ ఉన్న వేలాన్ని మధ్యలో ఆపేసి పక్కదారిన అమ్ముకోవడం అమ్మేవాళ్ళకు కష్టమవుతుంది, ముఖ్యంగా చివరి 12 గంటల్లో.

రెండోది, మీ ఖాతా అసలు ఆ వేలంలో పాడగలదో లేదో ముందే తెలుసుకోవాలి. మీ దేశానికి పంపరని అమ్మేవాళ్ళు పెట్టి ఉండొచ్చు. ఫీడ్‌బ్యాక్ తక్కువున్న ఖాతాలను, డబ్బు కట్టని చరిత్ర ఉన్నవాళ్ళను అడ్డుకునే అమరిక ఉండొచ్చు. కొన్నిచోట్ల బిడ్ వెయ్యాలంటే ముందే కార్డు వివరాలు ఉండాలంటుంది. ఇవన్నీ 8 సెకన్లు మిగిలినప్పుడు తెర మీద ఎర్ర అక్షరాల్లో కనబడితే చేసేదేమీ లేదు.

స్నైపింగ్ సాఫ్ట్‌వేర్ (చివరి క్షణంలో దానంతటదే బిడ్ వేసేది) గురించి అడగలేదు గానీ ఆ మాట కూడా వస్తుంది కాబట్టి చెబుతున్నాను. చివరి క్షణంలో పాడడాన్ని ఈబే నిబంధనలు నిషేధించవు. ఆ సేవలు వాళ్ళ సర్వర్ నుంచి మీ తరఫున బిడ్ వేస్తాయి, మీరు నిద్రపోతున్నా పని జరుగుతుంది. బదులుగా మీ ఖాతా తాళం వాళ్ళ చేతిలో పెట్టాలి. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది అయి ఉండాలి. మధ్యలో పాస్‌వర్డ్ మారిస్తే అక్కడ కూడా మార్చాలి, లేకపోతే బిడ్ పడదు. వీటిలో నాకు నిజంగా పనికొచ్చేదనిపించేది గుంపు సదుపాయం. ఒకే రకం వస్తువు నాలుగు వేలాల్లో ఉంటే నాలుగింటినీ ఒక గుంపులో పెడతారు. ఒకటి గెలవగానే మిగతావి రద్దవుతాయి. ఇదే పని ముందస్తు బిడ్లతో చేస్తే నాలుగూ మీ మెడకే చుట్టుకోవచ్చు.

వరసగా ఒకే రకం లాట్లు (ఒక్కో పాటకు పెట్టే వస్తువు లేదా వస్తువుల కట్ట) వచ్చేటప్పుడు మొదటిదాని మీద తొందరపడకండి. ఆర్థికవేత్త ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1989లో వైన్ వేలాల మీద రాసిన వ్యాసంలో, ఒకేలాంటి లాట్లు వరసగా అమ్మినప్పుడు తరవాతివి మొదటిదానికంటే తక్కువకు పోవడం ఎక్కువసార్లు కనిపించిందని చూపించారు. ఆత్రంగా ఉన్నవాళ్ళు మొదటిదాన్నే పట్టుకుని వెళ్ళిపోతారు. అయితే ఇది సగటు ధోరణి మాత్రమే. అయిదు లాట్లకు ఆరుగురు గట్టి కొనుగోలుదారులుంటే చివరిది కొండెక్కుతుంది.

తూకంరాయి

లెక్క సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

బయ్యర్స్ ప్రీమియం కొత్తది కాదు. లండన్‌లో క్రిస్టీస్, సదబీస్ 1975లో 10 శాతంతో మొదలుపెట్టాయి. ఇప్పుడు వేలం సంస్థల్లో 20 నుంచి 25 శాతం మామూలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఇంటర్నెట్ వేదికల ద్వారా పాడితే దానిమీద ఇంకో 3 నుంచి 5 శాతం వేస్తారు. అదే వేలం సంస్థ సొంత సైటులో నేరుగా పాడితే చాలాసార్లు ఈ రెండోది ఉండదు. అందుకని లాట్ ఎక్కడ కనబడినా, సంస్థ సొంత సైటులో నమోదు చేసుకోవడం కుదురుతుందేమో ముందు చూడండి. నమోదుకు, గుర్తింపు పత్రాల ఆమోదానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. వేలం రోజు పొద్దున మొదలుపెడితే అందదు.

వెనక్కి లెక్క ఇలా. అన్నీ కలిపి మీరు ఖర్చు పెట్టదలుచుకున్నది 1000 అనుకోండి, ఏ డబ్బైనా సరే. రవాణా, బీమా 40. ప్రీమియం 25 శాతం, వేదిక రుసుము 3 శాతం, ఈ మొత్తం మీద పన్ను 10 శాతం. ముందు 1000 నుంచి 40 తీసెయ్యండి, 960. దాన్ని 1.28తో, తరవాత 1.10తో భాగించండి, అంటే 1.408తో. వచ్చేది 681.8. అది మీ హామర్ గరిష్ఠం, అంటే రుసుములేవీ కలపకముందు మీరు పాడగల పై ధర. పన్ను హామర్ ధర మీద కూడానా, ప్రీమియం మీద మాత్రమేనా, రవాణా మీద కూడానా అన్నది దేశాన్నీ వస్తువునీ బట్టి మారుతుంది. షరతుల పేజీలో ఆ వాక్యం వెతికి చదివాకే అంకె వెయ్యండి. సరిహద్దు దాటి వస్తే దిగుమతి సుంకం మామూలుగా వస్తువు ధరకు రవాణా కూడా కలిపి లెక్కిస్తారు.

భాగించాల్సినచోట తీసెయ్యడం మామూలుగా జరిగే పొరపాటు. 25 శాతం ప్రీమియం ఉందని 1000లో 25 శాతం తగ్గించి 750 అంటారు. 750కి 25 శాతం కలిపితే 937.50 మాత్రమే. సరైన అంకె 1000ని 1.25తో భాగించగా వచ్చే 800. ఆ 50 తేడాతో చేజారే లాట్లు చాలా ఉంటాయి.

ఇప్పుడు 681.8ని వేలం మెట్లతో కలపాలి. ఆ సంస్థ 500 నుంచి 1000 మధ్య 50 చొప్పున పెంచుతుందనుకుందాం. మీ 681 అక్కడ 650గానే చెల్లుతుంది. 650కి గెలిస్తే మొత్తం 955.20. 700కి వెళితే 1025.60. అంటే పై మెట్టుకు వెళ్ళాలంటే మీ హద్దు మీద 25.60 అదనం. అది ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ముందు రోజే తీసుకుని కాగితం మీద రాసుకోండి, పాట వేడిలో మాత్రం వద్దు. వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు.

మెట్లలో ఇంకో మెలిక ఉంది. దీన్ని తెలిసినవాళ్ళు కూడా పట్టించుకోరు. మెట్టు 100, మీ హద్దు 800, పోటీ ఒక్కరే. మీరు 500 అన్నారు, వాళ్ళు 600, మీరు 700, వాళ్ళు 800. ఇప్పుడు మీరు పాడాలంటే 900. మీరు ఇవ్వడానికి సిద్ధపడ్డ 800కే వస్తువు వాళ్ళకి పోయింది. మీరు 600 దగ్గర పాటలోకి దిగి ఉంటే 800 మీ పాట అయ్యేది. ప్రత్యక్ష ప్రసారంలో మెట్లు లెక్కపెట్టి, మీ హద్దు మీ అడుగు మీద పడేలా దిగడం నేర్చుకోవాలి. ముందస్తు బిడ్ ఇచ్చేటప్పుడు కొన్ని సంస్థలు ఒక మెట్టు అదనం అనే సూచనను తీసుకుంటాయి, అంటే మీ హద్దు అంకె ఎదుటివాళ్ళ మీద పడితే మాత్రమే ఇంకొక్క మెట్టు. అడిగి చూడండి.

గడువు సాగే సైట్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అక్కడ ఆఖరి సెకన్లలో పాడి లాభం లేదు, ఎదుటివాళ్ళకి మళ్ళీ వ్యవధి దొరుకుతుంది. మొదటి గడువుకు ఒకటి రెండు నిమిషాల ముందు పూర్తి గరిష్ఠాన్ని ప్రాక్సీగా, అంటే సైటే మీ తరఫున పాడేలా, పెట్టండి. సమాన పాటల్లో ముందు పెట్టినది నిలుస్తుంది కాబట్టి, పైన చెప్పిన అడుగుల బెడద ఉండదు: వాళ్ళు 800 అన్నా అదే 800 మీద ముందున్నది మీరు. పెట్టాక ఆ పేజీ మూసెయ్యండి. గడువు సాగే కొద్దీ ఇంకొక్క మెట్టే కదా అనిపిస్తుంది, ఆ రూపకల్పనే అందుకు. ఒక్కో మెట్టూ చిన్నదే, ఐదు కలిస్తే మీ లెక్క మొత్తం తారుమారవుతుంది.

గమనకర్త

ఎంతకు పాడాలో తేల్చే ధర ఎక్కడినుంచి తేవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. ఈబేలో అమ్ముడైనవి అనే వడపోత గత 90 రోజులది చూపిస్తుంది. దాంట్లో ఒక ఉచ్చు ఉంది: బేరం ఒప్పుకుని అమ్మినచోట కొట్టేసి కనబడేది ముందు పెట్టిన ధర, అసలు చేతులు మారింది అంతకంటే తక్కువ. వాటిని లెక్కలోంచి తీసెయ్యండి. నాణేలకి కాయిన్ ఆర్కైవ్స్, ఏసీసెర్చ్. అమెరికా నాణేలు, కామిక్స్ లాంటివాటికి హెరిటేజ్ వేలం సంస్థ వాళ్ళ పాత ఫలితాలు. రికార్డులకి డిస్కాగ్స్ అమ్మకాల చరిత్ర, పాప్‌సైక్. డిస్కాగ్స్ కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం మూడూ ఇస్తుంది గానీ వాటిలో అన్ని స్థితుల రికార్డులూ కలగలిపి ఉంటాయి. విడివిడిగా చూడాలి.

ఒకే గ్రేడు ఉన్న 8 నుంచి 10 అమ్మకాలు తీసుకుని, పైదీ కిందిదీ తీసేసి, మిగిలినవాటి మధ్యస్థం పట్టుకోండి. అమ్ముడైనట్టు చూపించిన వస్తువు రెండు వారాల్లో అదే ఫోటోతో మళ్ళీ వేలానికి వచ్చిందంటే ఆ ధరకు డబ్బు కట్టలేదని అర్థం, దాన్నీ వదిలెయ్యండి. వేలం సంస్థల పాత ఫలితాల్లో కొన్ని ప్రీమియం కలిపి చూపిస్తాయి, కొన్ని హామర్ మాత్రమే. రెండింటినీ కలిపి సగటు తీస్తే లెక్క తప్పుతుంది.

పదేళ్ళలో పాతిక సార్లు వచ్చిన వస్తువైతే మధ్యస్థం కంటే 10 శాతం కింద హద్దు పెట్టుకుని, నాలుగైదు వేలాలు ఓడిపోవడానికి సిద్ధపడండి. పదేళ్ళలో రెండుసార్లే కనబడితే పాత ధర మీ హద్దుకి ఆధారం కాలేదు. తప్పిపోతే మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో లెక్కేసుకుని, దానికి మీరెంత ఇవ్వగలరో అదే హద్దు. ఈ రెండు రకాలకీ ఒకే సూత్రం వాడితే మామూలువాటికి ఎక్కువ కడతారు, అరుదైనవి ఎప్పటికీ దొరకవు.

నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉందో తేల్చి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల పెట్టెల్లో ఉన్న నాణేలకి ధ్రువపత్రం సంఖ్యను ఆ సంస్థల సైటులోనే కొట్టి, అక్కడి ఫోటోతో పోల్చండి. నకిలీ పెట్టెల మీద అసలు సంఖ్యలు అచ్చేస్తారు కాబట్టి సంఖ్య దొరికినంత మాత్రాన చాలదు. నాణెం స్థితికి వాళ్ళు వాడే 70 అంకెల కొలతలో 64కీ 65కీ మధ్య కొన్ని నాణేలకి ధర రెట్టింపవుతుంది. పెట్టె లేని నాణేన్ని అమ్మేవాళ్ళు 65 అన్నారని 65 ధర కట్టకండి, 63గా చూసి పాడండి. స్టాంపులకైతే వెనకవైపు ఫోటో అడగండి. జిగురు మళ్ళీ పూసినవి, చిల్లుల అంచు బాగుచేసినవి ముందువైపు చూస్తే తెలియవు. ప్రశ్నలు వేలం ముగియడానికి కనీసం రెండు రోజుల ముందు పంపాలి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఒకే ఫోటోలో రెండొందల స్టాంపులు పరిచిన కలగలుపు లాట్ల గురించి ఒక మాట. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే చమురు రంగ ఇంజనీర్లు చమురు భూముల వేలాల గురించి రాస్తూ విజేతకు పట్టే శాపాన్ని వివరించారు. విలువ ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు అందరూ అంచనా వేస్తారు, వాళ్ళలో అందరికంటే ఎక్కువగా పొరబడ్డవాళ్ళే గెలుస్తారు. కలగలుపు లాటూ అంతే. అందులో మీరు స్పష్టంగా గుర్తుపట్టిన వాటి విలువ మాత్రమే కూడండి, మసగ్గా ఉన్నవాటికి సున్నా వెయ్యండి. పోటీదారులు ఎక్కువైన కొద్దీ హద్దు ఇంకా దించాలి. పెంచాలనిపించేది సరిగ్గా అప్పుడే, అదే ప్రమాదం.

ఇక దొంగ పాటలు. ఈబే బిడ్ల చరిత్రలో పేర్లు నక్షత్రాలతో దాచినా, ఆ బిడ్డరు మీద నొక్కితే గత 30 రోజుల సారాంశం వస్తుంది: ఎన్ని బిడ్లు, ఎన్ని వస్తువులు, ఈ అమ్మేవాళ్ళ దగ్గర ఎంత శాతం, ఎన్ని బిడ్లు వెనక్కి తీసుకున్నారు. ఫీడ్‌బ్యాక్ ఒకటో రెండో ఉండి, ఈ అమ్మేవాళ్ళ దగ్గరే నూటికి నూరు శాతం పాటలుండి, చాలా వస్తువులు పాడుతూ ఏదీ గెలవకపోతే అనుమానించాలి. ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకండి. సన్నటి రంగంలో ఇద్దరే పెద్ద విక్రేతలుంటే నిజమైన సేకర్త శాతం కూడా 80 దాటుతుంది. నాలుగు గుర్తులూ కలిస్తే ఆ విక్రేత దగ్గర పాడడం మానండి.

గరిష్ఠ బిడ్ బయటపడే దారి ఉందా అన్నారు కదా, ఉంది. ఒకరు చాలా పెద్ద మొత్తం వేస్తారు. ధర మీ గరిష్ఠం దాటి ఒక మెట్టు పైన ఆగుతుంది, అలా మీ హద్దు తెలిసిపోతుంది. అంకె తప్పుగా పడిందని వెనక్కి తీసుకుని, ఈసారి మీ హద్దుకి ఒక మెట్టు కింద వేస్తారు. మీరు గెలుస్తారు, పూర్తి హద్దు ధరకి. 12 గంటలకంటే ఎక్కువ సమయం ఉంటే బిడ్ వెనక్కి తీసుకోవడం తేలిక, ఆ వస్తువు మీద వాళ్ళ బిడ్లన్నీ పోతాయి. 12 గంటల లోపైతే వేసిన గంటలోపే, అదీ ఆఖరి బిడ్ ఒక్కటే. కాబట్టి రోజుల తరబడి ముందు పెట్టిన పూర్తి గరిష్ఠానికే ఈ ముప్పు ఎక్కువ. రిజర్వ్ ధర ఉన్నచోట కూడా జాగ్రత్త. మీ గరిష్ఠం రిజర్వ్‌ని దాటితే, పోటీ లేకపోయినా ధర ఒక్కసారిగా రిజర్వ్ దగ్గరికి దూకుతుంది.

పాతరాగి

అందరికీ ధన్యవాదాలండీ. తూకంరాయి గారు చెప్పిన అడుగుల లెక్క కొత్తగా తెలిసింది. ఇంకో రెండు ప్రశ్నలు. ఓడిపోయాక రెండో అవకాశం అంటూ అదే వస్తువు మీ బిడ్ ధరకే ఇస్తామని సందేశం వస్తుంది కదా, ఒప్పుకోవచ్చా? పొరపాటున 50.00 బదులు 5000 కొడితే ఏం చెయ్యాలి?

గమనకర్త

రెండో అవకాశం ముందు అసలుదో కాదో చూడండి. ఈబే సందేశాల పెట్టెలో అది కనబడాలి, కట్టే బటన్ సైటు లోపలే ఉండాలి. బయటి ఈమెయిల్‌లో వచ్చి, నేరుగా బ్యాంకుకు పంపమంటే మోసం. అసలుదే అయినా ఆ ధర మీ గరిష్ఠ బిడ్. గెలిచినవాళ్ళు డబ్బు కట్టకపోవడం వల్ల కావచ్చు, విక్రేత దగ్గర రెండోది ఉండడం వల్ల కావచ్చు, గెలిచిన బిడ్డరే విక్రేత మనిషి కావడం వల్ల కూడా కావచ్చు. బిడ్ల చరిత్ర తెరిచి ఆ గెలిచిన బిడ్డరును లెక్కలోంచి తీసెయ్యండి. వాళ్ళు లేకపోతే మీరు ఎంతకు గెలిచేవారో, అంటే మూడో పాటకు ఒక మెట్టు పైన, అదే న్యాయమైన ధర. అది 74, మీకు ఇస్తున్నది 110 అయితే వదిలెయ్యండి. మామూలు వస్తువైతే వదిలేసిన కొద్ది రోజులకి చాలాసార్లు మళ్ళీ వేలానికే వస్తుంది.

ముద్రాక్షరం

5000 సంగతి: వెంటనే వెనక్కి తీసుకుని, కారణంగా అంకె తప్పు పడిందన్నది ఎంచుకుని, ఆ వెంటనే సరైన మొత్తం మళ్ళీ పెట్టండి. మళ్ళీ పెట్టకపోతే మనసు మార్చుకున్నట్టు కనబడుతుంది. ఆఖరి 8 సెకన్లలో అలా జరిగితే తిప్పడానికి వ్యవధే ఉండదు. వేలం ముగిశాక విక్రేతకు ఆ నిమిషంలోనే రాసి రద్దు అడగడమొక్కటే దారి, ఒప్పుకోవడం వాళ్ళ ఇష్టం. అందుకే ధ్రువీకరణ పేజీ దాకా నిమిషం ముందే రమ్మన్నది. ఆ నిమిషంలో చుక్క ఎక్కడుందో, సున్నాలు ఎన్నున్నాయో వేలు పెట్టి చదవండి. గుండ్రంగా లేని అంకెలు పెట్టేవాళ్ళకి ఇది ఇంకా అవసరం, 101.37లో చుక్క జారితే 10137.

తూకంరాయి

వేలం సంస్థల దగ్గర ఆ వెసులుబాటు కూడా ఉండదు. ప్రత్యక్ష పాటలో బటన్ నొక్కితే పాట పడ్డట్టే. తెర మీద తరవాతి మెట్టు ఎంతో చూపించే బటన్ నొక్కే క్షణంలో ధర మారిపోయి, మీరు చూసిన 700 బదులు 750కి పడే సందర్భాలుంటాయి. అందుకని ఆ సైట్లలో బటన్ వెంట పరిగెత్తకుండా ప్రాక్సీ పెట్టుకోవడమే క్షేమం. ఒక ఏనుగుదంతం వస్తువో, తాబేటి చిప్ప వస్తువో అయితే పాడే ముందే సైటెస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి ఎవరు తేవాలో రాతపూర్వకంగా అడగండి. గెలిచాక అనుమతి రాకపోయినా చాలా సంస్థల షరతుల ప్రకారం మీరు కట్టాల్సిందే.